ఛాతీలో చీలిక

ఫిలింనగర్‌లో సినిమాకీ ఆసుపత్రికీ మధ్య దూరం చాలా తక్కువ. రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్, దైవసన్నిధానం ఒక పక్క. కూతవేటు దూరంలో 1988 నుంచి నడుస్తున్న అపోలో ఆసుపత్రి మరో పక్క. గుట్ట దిగితే బంజారాహిల్స్‌లో గుండె ఆసుపత్రులు, ఇంకొంచెం ముందుకెళితే పంజాగుట్టలో నిమ్స్. సెట్లో ఎవరైనా ఛాతీ పట్టుకుని కూలబడితే, ట్రాఫిక్ కరుణిస్తే, కాసేపట్లోనే ఎమర్జెన్సీ వార్డులో ఉంటారు. తెలుగు నేల మీద ఇంత దగ్గరలో ఇంత వైద్యం దొరికే చోట్లు ఎన్నో లేవు.

అయినా ఒక జబ్బు ముందు ఆసుపత్రి దగ్గర్లో ఉండటం ఒక్కటే చాలదు. చేరాక దాన్ని పోల్చుకునేవాళ్లు ఉండాలి. పోల్చుకోవడానికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పే మనిషి రోగి పక్కన ఉండాలి.

అమెరికాలోని బర్‌బ్యాంక్ కూడా ఫిలింనగర్ లాంటి ఊరే. అక్కడ డిస్నీ స్టూడియో, దాని ఎదురుగానే పెద్దాసుపత్రి. 2003 సెప్టెంబరు 11న ఆ స్టూడియోలో ‘8 సింపుల్ రూల్స్’ టీవీ సీరియల్ పని జరుగుతోంది. అందులో తండ్రి పాత్ర వేస్తున్న జాన్ రిటర్‌కి ఉన్నట్టుండి ఒంట్లో బాగోలేదు. ఛాతీలో నొప్పి, వికారం. రోడ్డు దాటించి ఆసుపత్రిలో చేర్చారు. గుండెపోటు అనుకున్నారు, ఆ వైద్యమే మొదలుపెట్టారు. అదే రాత్రి ఆయన చనిపోయారు. ఇంకో ఆరు రోజులైతే 55 నిండేవి. ఆ రోజు ఆయన చివరి సంతానం అయిదో పుట్టినరోజు కూడా.

ఆయన్ని తీసుకుపోయిన జబ్బు పేరు అయోర్టిక్ డిసెక్షన్. గుండె నుంచి రక్తాన్ని ఒళ్లంతటికీ మోసుకెళ్లే బృహద్ధమని లోపలి పొర చీలిపోవడం. కుటుంబం కోర్టుకెళ్లింది. 2008లో జ్యూరీ ఇద్దరు డాక్టర్ల తప్పేమీ లేదని తేల్చింది. అనుభవజ్ఞులైన వైద్యులకు కూడా అంత తొందరగా దొరకని జబ్బు అది. బర్‌బ్యాంక్‌లోనే 2016 డిసెంబరు 13న మరో నటుడు, 69 ఏళ్ల అలెన్ థిక్, కొడుకుతో హాకీ ఆడుతూ పడిపోయారు. ఆయనకూ ఇదే జబ్బు.

గుండెపోటుతో పోలిస్తే ఇది అరుదు. లక్షమందిలో ఏడాదికి ముగ్గురు నలుగురికి వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్కలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిదిన్నర కోట్లమంది ఉన్నారు. అదే నిష్పత్తి ఇక్కడా వేసుకుంటే ఏటా రెండున్నర వేలమందికి పైమాటే. వాళ్లలో ఎంతమంది పేరు పక్కన ‘గుండెపోటు’ అనే రాసి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇంట్లోనే పోయినవాళ్లకు స్కానూ ఉండదు, పోస్టుమార్టమూ ఉండదు.

గుండెపోటు వేరు, ఇది వేరు

తెలుగు సినిమావాళ్లకు గుండె ఆపరేషన్ అనే మాటను పరిచయం చేసింది అక్కినేని నాగేశ్వరరావు. 1974లో అమెరికాలో ఆయనకు ఆపరేషన్ అయింది. ఇక ఇంటిపట్టున ఉంటారనుకున్నవాళ్లే ఎక్కువ. ఆయన తిరిగొచ్చి అన్నపూర్ణ స్టూడియో కట్టారు, ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు బతికారు, 2014లో పోయే ముందు ‘మనం’లో నటించారు. గుండె జబ్బు వస్తే జీవితం అయిపోయినట్టు కాదని ఒక తరం ఆయన్ని చూసి నమ్మింది. దానికి పూర్తి వ్యతిరేకమైన దెబ్బ 2023లో తగిలింది. జనవరి 27న కుప్పం పాదయాత్రలో సొమ్మసిల్లిన నందమూరి తారకరత్న ఫిబ్రవరి 18న బెంగళూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. వయసు 39. వైద్యులు తీవ్రమైన గుండెపోటుగా చెప్పారు.

ఈ రెండు కథల మూలాన గుండెలో రక్తనాళం మూసుకుపోవడం, స్టెంటు, బైపాస్ ఇవాళ టీకొట్టు దగ్గర కూడా మాట్లాడుకునే విషయాలయ్యాయి. బృహద్ధమని సంగతి మాత్రం అక్కడిదాకా రాలేదు.

గుండెపోటులో జరిగేది గుండె కండరానికే రక్తం అందించే సన్నటి నాళంలో గడ్డ కట్టి దారి మూసుకుపోవడం. కాబట్టి వైద్యం గడ్డను కరిగించడం, రక్తం మళ్లీ గడ్డకట్టకుండా పలచబరచడం, బెలూనుతో దారి తెరవడం. ఆస్ప్రిన్, హెపారిన్, గడ్డ కరిగించే ఇంజెక్షన్, ఇవన్నీ ఆ పని కోసమే. జిల్లా ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్ సకాలంలో పడి బతికి బట్టకట్టినవాళ్లు ఎందరో. దాన్ని చూసి ఎవరూ భయపడాల్సిన పనిలేదు.

డిసెక్షన్‌లో మూసుకుపోవడం కాదు, చీలడం. బృహద్ధమని గోడకు మూడు పొరలుంటాయి. గుండె దగ్గర దాని వ్యాసం సుమారు 3 సెంటీమీటర్లు. అక్కణ్నుంచి పైకి లేచి, మెడకింద వంపు తిరిగి, వెన్నెముక వెంట కిందికి దిగి బొడ్డు దాకా వస్తుంది. గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది, ప్రతిసారీ ఆ దెబ్బను మొదట కాసేది ఈ గోడే. లోపలి పొరలో ఎక్కడో చిన్న చిరుగు పడుతుంది. లైనింగ్ చిరిగిన కోటు వేసుకుంటే చెయ్యి చేతిదారిలోకి పోకుండా లైనింగుకీ బట్టకీ మధ్యలో దూరిపోతుందే, రక్తం అచ్చం అలాగే దారి తప్పి పొరల మధ్యకు పోతుంది. వెనకనుంచి గుండె తోస్తూనే ఉంటుంది కాబట్టి చీలిక ముందుకు సాగుతూ పోతుంది. అలా ఏర్పడిన దొంగదారి ఉబ్బి అసలు దారిని నొక్కేస్తుంది. మెదడుకెళ్లే కొమ్మ నలిగితే పక్షవాతం, కిడ్నీకెళ్లేది నలిగితే మూత్రం ఆగిపోవడం, పేగులకెళ్లేది నలిగితే కడుపునొప్పి, కాలికెళ్లేది నలిగితే కాలు చల్లబడటం. బయటి పొర కూడా తెగితే రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండి గుండెను కొట్టుకోనివ్వదు.

ఇలాంటప్పుడు రక్తం పలచబరిచే మందులు పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఎమర్జెన్సీ గదిలో మొదటి అరగంటలో జరిగే నిర్ణయం ఇంత బరువైనది.

చరిత్రలో ఈ జబ్బు వివరంగా నమోదైన మొదటి మనిషి ఒక రాజు. 1760 అక్టోబరు 25 పొద్దున్నే ఇంగ్లండు రాజు రెండో జార్జి మరుగుదొడ్డికి వెళ్లి అక్కడే పడి చనిపోయాడు. శవపరీక్ష చేసిన ఫ్రాంక్ నికోల్స్ బృహద్ధమనిలో అడ్డంగా పడిన చిరుగునూ, గుండె సంచిలో గడ్డకట్టిన రక్తాన్నీ చూసి రాసిపెట్టాడు. అంతటి రాజుకూ చనిపోయాకే తెలిసింది. ఆ తర్వాత సుమారు రెండు వందల ఏళ్లపాటు దీనికి ఆపరేషన్ అన్నదే లేదు.

దొరకని నొప్పి

డాక్టర్లు ఈ చీలికను స్థూలంగా రెండు రకాలు చేస్తారు. గుండె నుంచి పైకి లేచే భాగంలో చీలిక ఉంటే ‘టైప్ ఏ’. వెంటనే ఆపరేషన్ చేయాల్సిందే. అక్కడ లేకుండా వీపు వైపు దిగే భాగంలో ఉంటే ‘టైప్ బీ’. అందులో చాలామందిని బీపీ గట్టిగా తగ్గించే మందులతోనే గట్టెక్కించవచ్చు. అవయవాలకు రక్తం అందకపోతేనో, నాళం పగిలేలా ఉంటేనో తొడ దగ్గరి ధమనిలోంచి గుడ్డ తొడిగిన స్టెంటు పంపి లోపలి చిరుగును మూసేస్తారు.

ప్రపంచంలోని పెద్దాసుపత్రులు 1996 నుంచి ఈ జబ్బు వివరాలను ఒకే రిజిస్టరులో నమోదు చేస్తున్నాయి. దాని తొలి నివేదిక 2000లో వచ్చింది. 12 ఆసుపత్రులు, 464 మంది రోగులు. నూటికి 85 మందికి నొప్పి ఒక్కసారిగా మొదలైంది. ఈ ఒక్క ముక్క అన్నిటికంటే ముఖ్యం. గుండెపోటు నొప్పి చాలామందిలో మెల్లగా పెరుగుతూ పోతుంది. ఇది మొదటి క్షణంలోనే తారస్థాయిలో ఉంటుంది. ‘సరిగ్గా ఎన్నింటికి మొదలైంది’ అంటే గడియారం చూసినట్టు చెప్పగలరు. చీల్చినట్టుగా ఉందన్నవాళ్లు మాత్రం సగంమందే. కొందరిలో నొప్పి ఛాతీలో మొదలై రెండు భుజాల మధ్య వీపులోకి, అక్కణ్నుంచి నడుములోకి దిగుతుంది. చీలిక ఎటు సాగితే నొప్పీ అటే.

రోగుల్లో మూడింట ఒక వంతుమందికి ఈసీజీ మామూలుగానే వచ్చింది. నూటికి పన్నెండుమందికి ఛాతీ ఎక్స్‌రేలోనూ తేడా కనబడలేదు. పుస్తకాల్లో పెద్దక్షరాలతో రాసే గుర్తు, ఒక చేతిలో నాడి అందకపోవడం, నూటికి పదిహేనుమందిలోనే ఉంది. మన దగ్గర ‘ఈసీజీ బాగుంది, గ్యాస్ అయ్యుంటుంది’ అని ఒక గోళీ ఇచ్చి పంపడం ఎంత మామూలో అందరికీ తెలుసు. ఉన్నట్టుండి వచ్చిన భరించలేని నొప్పి, పక్కన మామూలు ఈసీజీ. ఈ రెండూ కలిస్తే అది ఊరట కాదు. ఇంకో పరీక్ష కావాలని అర్థం.

ఆ పరీక్ష పేరు సీటీ యాంజియోగ్రామ్. నరంలోకి రంగుమందు ఎక్కించి మెడ నుంచి తొడ దాకా స్కాన్ చేస్తారు. స్కాన్ మొదలైతే అయ్యేది నిమిషాల్లోనే, చీలిక ఉంటే దాదాపు తప్పకుండా కనబడుతుంది. యంత్రం జిల్లా కేంద్రాల్లో కూడా ఉంది. లేనిదల్లా దాని మీదికి పంపాలన్న అనుమానం.

ఫిలింనగర్ బతుకులో బీపీ

పై నివేదికలో నూటికి 72 మంది బీపీ రోగులు. మిగతా కారణాలన్నీ కలిపినా దీని తర్వాతే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో పదిమందికి దాదాపు ముగ్గురికి బీపీ ఎక్కువగా ఉందనో, దానికి మందు వాడుతున్నారనో అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

సినిమా పని బీపీకి ఎలాంటి మేపు పెడుతుందో సినిమా కార్మికులు ఉండే కృష్ణానగర్‌లో నాలుగు రోజులు తిరిగితే తెలుస్తుంది. నైట్ కాల్షీటు. తెల్లారగట్ల ప్యాకప్. ఆకలి వేసినప్పుడు కాదు, బ్రేక్ ఇచ్చినప్పుడు తిండి. లైట్‌మన్ అయితే వేడిలో బరువులు, ఫైటర్ అయితే దెబ్బలు, కోడైరెక్టర్ అయితే కోప్పడినా కోప్పడకపోయినా ఒత్తిడి. రాత్రి వేసుకోవాల్సిన బీపీ బిళ్ల షూటింగులో పడి మర్చిపోతారు. పది రోజులు మర్చిపోయినా ఏమీ కాలేదు కాబట్టి ‘బాగానే ఉందిగా’ అని మానేస్తారు. చాలామందిలో బీపీ తలనొప్పి తెప్పించదు, కళ్లు తిప్పదు. ఆ మౌనాన్నే ఆరోగ్యం అనుకుంటాం. గోడ మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. జూబ్లీహిల్స్ బంగళాల్లో ఈ కథ వేరుగా ఏమీ ఉండదు. బిళ్ల ఖరీదు అడ్డంకి కాదు, తీరికే అడ్డంకి.

ఇక జిమ్. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్ చూపించిన దగ్గర్నుంచి తెలుగు హీరోకి కండలు తప్పనిసరి అయ్యాయి. ఆయన్ని చూసి పిల్లలు, పిల్లల్ని చూసి నలభై దాటిన నాన్నలు. వ్యాయామం మంచిదే. ఊపిరి బిగబట్టి మోయలేనంత బరువు ఎత్తడం వేరే సంగతి. కెనడాలో మాక్‌డూగల్ బృందం 1985లో బాడీబిల్డర్ల ధమనిలోనే సూది పెట్టి బీపీ కొలిచింది. రెండు కాళ్లతో బరువు తోసేటప్పుడు సగటున 320/250 దాకా, ఒకరికైతే 480/350 దాకా వెళ్లింది. గోడ గట్టిగా ఉన్నవాళ్లకు ఆ క్షణం గడిచిపోతుంది. అప్పటికే బృహద్ధమని ఉబ్బి ఉంటే గడవకపోవచ్చు. బరువులెత్తుతుండగా ఇలా చీలిక వచ్చిన కొందరి వివరాలను యేల్ విశ్వవిద్యాలయం సర్జన్ జాన్ ఎలెఫ్టీరియాడిస్ 2003లో ప్రకటించి, పెద్ద బరువులు ఎత్తేవాళ్లు ముందుగా ఒక ఎకో పరీక్ష చేయించుకోవాలని వాదించారు. ఫీజు తీసుకునే ప్రతి జిమ్మూ, శిక్షణ ఇచ్చే ప్రతి ట్రైనరూ బీపీ కొలిచాకే బరువులు అందించాలన్నది అత్యాశేమీ కాదు. కొకైన్ లాంటి మాదకద్రవ్యాలు కూడా బీపీని ఒక్కసారిగా ఎగదోసి ఈ చీలిక తెప్పిస్తాయన్నది వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం.

చాలామంది పట్టించుకోని కారణం ఇంకొకటి మందులషాపులో ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ కోవకు చెందిన యాంటీబయాటిక్స్ అరుదుగా బృహద్ధమని చీలడానికి దారితీస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. బీపీ ఉన్నవాళ్లకు, నాళం ఉబ్బినవాళ్లకు, పెద్దవయసువాళ్లకు వేరే దారి లేకపోతేనే ఇవ్వమంది. మన దగ్గర విరేచనాలకూ, మూత్రంలో మంటకూ చీటీ లేకుండా కొనేది ఇవే.

ఇవేవీ లేకపోయినా వంశంలో ఉంటే వస్తుంది. మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు బాగా పొడుగ్గా, పొడవాటి చేతులు, వేళ్లతో ఉంటారు. వాళ్ల నాళాల గోడ పుట్టుకతోనే బలహీనం. అమెరికా వాలీబాల్ తార ఫ్లో హైమన్ 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి 31 ఏళ్లకే చనిపోయింది. శవపరీక్షలో మార్ఫాన్ అని తేలాకే ఆమె తమ్ముడికీ ఉందని తెలిసింది, అతనికి వైద్యం అందింది. జాన్ రిటర్ అన్న టామ్ విషయమూ అంతే. తమ్ముడు పోయాక పరీక్ష చేయించుకుంటే ఆయన బృహద్ధమనీ ఉబ్బి ఉంది. చీలకముందే ఆపరేషన్ చేయించుకున్నారు. నాళం 5.5 సెంటీమీటర్లకు చేరితే, కొందరిలో 5 దగ్గరే, ముందుజాగ్రత్తగా మార్చేయడం ఇప్పటి పద్ధతి. తమ ఇంటి దుఃఖాన్ని రిటర్ భార్య ఎమీ యాస్‌బెక్ ఇంకొకరికి రానివ్వకూడదనుకున్నారు. భర్త పేరుతో ఫౌండేషన్ పెట్టి ఈ జబ్బు గురించి డాక్టర్లకూ జనానికీ చెబుతూనే ఉన్నారు.

గుడ్డతో కుట్టిన ధమని

మైఖేల్ డిబేకీ అమెరికాలోని హ్యూస్టన్‌లో సర్జన్. 1950లలో బట్టల దుకాణంలో డెక్రాన్ గుడ్డ కొని, భార్య కుట్టుమిషను మీద తానే గొట్టంలా కుట్టి, పాడైన ధమని స్థానంలో పెట్టొచ్చని నిరూపించాడు. 1954లో ఆయన చేసిన ఆపరేషన్‌తో ఈ చీలికకు మొదటిసారి విజయవంతమైన శస్త్రచికిత్స వచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లో ఏ సర్జన్ చేతిలో ఉన్న కృత్రిమ నాళమైనా ఆ గుడ్డ గొట్టం వంశంలోదే.

2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో, ఇంట్లో రాసుకుంటూ కూర్చున్న డిబేకీకి ఛాతీలో భరించలేని నొప్పి వచ్చింది. నొప్పి తీరు చూసి అది ఏమిటో తనకు తానే పోల్చుకున్నాడు. ఆపరేషన్ వద్దన్నాడు. పరిస్థితి క్షీణించి స్పృహ తప్పాక చేయాలా వద్దా అని డాక్టర్లలో వాదనలు జరిగాయి. ఆ వయసులో ఎవరూ ఈ ఆపరేషన్ తట్టుకుని బతికిన దాఖలా లేదు. భార్య పట్టుబట్టింది. 2006 ఫిబ్రవరిలో, ఆయన శిష్యులూ సహచరులూ కలిసి, ఆయన కనిపెట్టిన పద్ధతిలోనే, ఆయన ఛాతీ తెరిచి గుడ్డ నాళం కుట్టారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు, మళ్లీ పనిలోకి వెళ్లాడు, 2008 జులైలో 99 ఏళ్లు పూర్తి చేసుకుని, వందకు రెండు నెలల ముందు చనిపోయాడు. వయసైపోయింది కదా అని ఇళ్లలో తేలిగ్గా తీసుకునే నిర్ణయాలకు జవాబుగా ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆపరేషన్ చిన్నదేమీ కాదు. రొమ్ము ఎముక కోసి, గుండె పనిని యంత్రానికి అప్పగించి, ఒంటిని 18 నుంచి 28 డిగ్రీలకు చల్లబరిచి, కాసేపు ఒంట్లో రక్తప్రసరణే ఆపేసి కుట్లు వేస్తారు. గుండె కవాటం కూడా పాడైతే దాన్నీ కలిపి మార్చే పద్ధతిని 1968లో బ్రిటిష్ సర్జన్ హ్యూ బెంటాల్ చూపించాడు. ఇంత చేసినా అందరూ బతకరు. ఆ తొలి రిజిస్టరులో టైప్ ఏ రోగుల్లో ఆపరేషన్ అయినవాళ్లు నూటికి 26 మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. ఆపరేషన్ కానివాళ్లు నూటికి 58 మంది. ఆ తర్వాతి ఏళ్లలో ఆపరేషన్ ఫలితాలు ఇంకా మెరుగుపడ్డాయి.

రక్తం, ప్లేట్‌లెట్లు సీసాల కొద్దీ కావాలి, అదీ అర్ధరాత్రైనా. ఈ విషయంలో జూబ్లీహిల్స్‌కి ఒక మంచి పేరుంది. 1998లో చిరంజీవి మొదలుపెట్టిన బ్లడ్ బ్యాంకు ఇక్కడే ఉంది. హీరో పుట్టినరోజున రక్తం ఇవ్వడం అభిమానుల అలవాటుగా మారింది. తెలుగు సినిమా అభిమానం చేసిన పనుల్లో ఇంతకన్నా విలువైనది కనబడదు.

ఇళ్లలో చేయగలిగింది ఏమిటంటే, ముందు బీపీ. నలభై దాటినవాళ్లు రెండు చేతులకూ కొలిపించుకోవాలి. తేడా 20 దాటితే డాక్టరుకు చూపించాలి. బిళ్ల మొదలుపెడితే డాక్టరు చెప్పకుండా మానకూడదు. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరైనా యాభై అరవై లోపు హఠాత్తుగా పోయి ఉంటే, బృహద్ధమని ఉబ్బిందని ఎవరికైనా చెప్పి ఉంటే, ఒక్క ఎకో చేయించుకోవాలి. దానికి కత్తీ సూదీ ఉండవు, అయ్యేది అరగంటలో.

నొప్పి వచ్చిన రోజున సొంత కారు కోసం, పెద్దబ్బాయి రాక కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో డాక్టరుకు నాలుగు సంగతులు చెప్పండి: నొప్పి ఒక్కసారిగా వచ్చిందా, వీపులోకి పాకిందా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరైనా ఇలా పోయారా. ఆ తర్వాత మర్యాదగా, కానీ తప్పకుండా, ‘సార్, బృహద్ధమని చీలిందేమో చూశారా?’ అని అడగండి. నొప్పి మొదలైన టైము ఫోనులో రాసిపెట్టుకోండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.